ఆరాధన అనే కొలువు

(త్యాగరాజస్వామి ఆరాధన రోజున రాజమండ్రిలో ఒక సంగీత సభలో, పంచరత్నాల గానం మొదలయ్యే ముందు ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ ఉదయం రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందాండీ? పక్క వీధిలో పెళ్ళిపందిరి మైకు మోగుతోంది, అందుకని కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నన్ను పిలిచినప్పుడు సభ పెద్దలు ఒక్కటే అడిగారు. "అమ్మా, పాట మొదలయ్యేలోపు ఓ అరగంట మాట్లాడండి. ఏటా ఆరాధన, ఆరాధన అంటున్నాం కదా, అసలు ఆ మాటకి అర్థం ఏమిటో చెప్పండి." సరే అన్నాను. ఇంటికెళ్ళి కాగితం ముందు కూర్చున్నాక అర్థమైంది, అది చిన్న ప్రశ్న కాదని.

ముందు ఒక మాట అడుగుతాను. మహానుభావులు పుట్టిన రోజుని జయంతి అంటాం. పోయిన రోజుని వర్ధంతి అంటాం. మన ఇంట్లో పెద్దలు పోయిన తిథికి ఆబ్దికం పెడతాం, తద్దినం పెడతాం. మరి త్యాగరాజస్వామి వెళ్ళిపోయిన తిథి, ఈ పుష్య బహుళ పంచమి, దీన్ని వర్ధంతి అనం, తద్దినం అనం. ఆరాధన అంటాం. ఎందుకు? ఎప్పుడైనా ఆలోచించారా?

సన్న్యాసికి తద్దినం ఉండదు, అదీ సంగతి. సన్న్యాసం పుచ్చుకున్నవాడు తన లౌకిక కర్మలన్నీ అక్కడితో తెంచుకున్నట్టే. ఆయనకి పిండం పెట్టేవాడు ఉండడు, పెట్టాల్సిన పనీ లేదు. అందుకని ఆ తిథి నాడు ఆరాధన చేస్తారు. మంత్రాలయంలో చూడండి. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం, అంటే సజీవ సమాధి, చేసిన తిథికి, శ్రావణ బహుళ విదియకి, ఆరాధనే చేస్తారు. ముందు రోజు పూర్వారాధన, ఆ రోజు మధ్యారాధన, మర్నాడు ఉత్తరారాధన. మన త్యాగయ్యగారూ అంతే. జీవితమంతా సంసారి. కాకర్ల వారి అబ్బాయి. భార్య, కూతురు, ఇల్లు, వాకిలి, అన్నీ ఉన్నవాడు. చివరి రోజుల్లో సన్న్యాసం పుచ్చుకున్నారు, 1847 జనవరి 6న తంజావూరు సీమలో, కావేరి ఒడ్డున తిరువయ్యారులో సిద్ధి పొందారు. అందుకే ఇవాళ ఇది ఆరాధన అయింది.

తద్దినం పెట్టాలంటే రక్తసంబంధం కావాలి. కొడుకో, మనవడో ఉండాలి. ఆరాధన చేయడానికి ఏ సంబంధం కావాలి? ఏ సంబంధమూ అక్కర్లేదు. ఆయన మీకేమవుతారు? నాకేమవుతారు? ఏమీ కారు. అయినా ఇంతమందిమి పొద్దున్నే తలంట్లు పోసుకుని వచ్చి కూర్చున్నాం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ఆరాధన. దీని ధాతువు "రాధ్". పాణినీయ ధాతుపాఠంలో "రాధ సాధ సంసిద్ధౌ" అని ఉంది. రాధ, సాధ, ఈ రెండు ధాతువులనీ పక్కపక్కన కూర్చోబెట్టి, రెండింటికీ ఒకటే అర్థం చెప్పారు. సంసిద్ధి. అంటే ఏమిటి? నెరవేరడం. పూర్తి కావడం. సాధ అనే ధాతువు నుంచి సాధన వచ్చింది. రాధ అనే ధాతువు నుంచి ఆరాధన వచ్చింది. రెండూ తోబుట్టువులు.

నేనైతే ఇన్నాళ్ళూ ఆరాధన అంటే చేతులు జోడించి, కళ్ళు అరమోడ్చి, ఎదుట ఉన్నదాన్ని చూస్తూ ఉండిపోవడం అనుకున్నాను. మీలో చాలామందికీ అదే బొమ్మ మనసులో ఉండి ఉంటుంది. "వాణ్ణి ఆరాధిస్తోంది" అంటే కళ్ళప్పగించి చూస్తోందని కదా మన కథల్లో అర్థం? కానీ ధాతువు అలా చెప్పడం లేదు. నెరవేర్చు అంటోంది. ఎదుటివాళ్ళకి తృప్తి కలిగేదాకా చెయ్యి అంటోంది. చేతులు జోడించినంత మాత్రాన ఏ పనీ పూర్తి కాదు కదండీ? చేతులు విప్పితేనే పని.

ఇదే ధాతువుకి ఇంకో బిడ్డ కూడా ఉంది. చెప్పుకోండి చూద్దాం. ఎవరైనా? ... అపరాధం! ఆ, ఆ మూల నుంచి సరిగ్గా చెప్పారు. "అప" అని ముందు చేరితే, గురి తప్పింది, చేరాల్సిన చోటికి చేరలేదు అని. లక్ష్యం తప్పిన బాణానికి సంస్కృతంలో ఈ మాటే వాడారు. ఆరాధన, అపరాధం, ఒక తల్లి పిల్లలు. చేరితే ఆరాధన, తప్పితే అపరాధం.

అపరాధం అన్నాను కాబట్టి నాది ఒకటి చెప్పుకుంటాను. మా అమ్మమ్మకి చదువు రాదు. సంతకం కూడా వేలిముద్రే. కానీ మా వైపు ఏ పెళ్ళయినా ఆవిడ రావాల్సిందే, తలంబ్రాలయ్యాక సీతాకల్యాణం పాడాల్సిందే. త్యాగరాజస్వామిదే కదా ఆ పాట, కురంజి రాగంలో. "పవనజ స్తుతిపాత్ర పావన చరిత్ర, రవిసోమ వరనేత్ర రమణీయగాత్ర." సూర్యచంద్రులు కళ్ళుగా ఉన్నవాడా అని. మా అమ్మమ్మ దాన్ని "రవి సోమవారాల" అని పాడేది. ఆదివారం, సోమవారం అనుకుని ఉంటుంది పాపం. పాతికేళ్ళ వయసులో, ఎమ్మే తెలుగు పూర్తిచేసిన కొత్తలో, మా పిన్ని కూతురి పెళ్ళిలో, అందరి ముందూ, పాట మధ్యలో ఆపి నేను ఆవిణ్ణి సరిదిద్దాను. "అమ్మమ్మా, అది వారాలు కాదే, వరనేత్ర" అని. ఆవిడ ఏమీ అనలేదు. "అలాగా తల్లీ" అంది. ఆ తర్వాత ఆవిడ పదకొండేళ్ళు బతికింది. నేనున్న చోట మళ్ళీ ఆ పాట ఎత్తుకోలేదు. నా పెళ్ళిలో కూడా పాడలేదు. గొంతు బాలేదంది.

యాభై ఏళ్ళపాటు, ఎవరి పిల్ల పెళ్ళయినా, ఒంట్లో ఎలా ఉన్నా, బస్సెక్కి వెళ్ళి పాడి వచ్చేది ఆవిడ. దక్షిణ పుచ్చుకునేది కాదు. అది ఆరాధన. నాకు మాటలన్నీ శుద్ధంగా వచ్చు. నేను చేసింది అపరాధం. ఈ రెండు మాటలకీ ధాతువు ఒకటేనని నాకు ఆనాటికే తెలుసు, పరీక్షలో రాశాను కూడా.

సరే. సంస్కృతం మాట చూశాం. మరి తెలుగు మాట? మన సొంత మాట ఏమిటి దీనికి? కొలుచు. దేవుణ్ణి కొలుస్తాం. ఊళ్ళో అమ్మవారికి కొలుపులు చేస్తాం. కొలువు అంటే ఏమిటి? రాజుగారి సభ కొలువు. ఉద్యోగం కొలువు. దసరాకి బొమ్మల కొలువు. చూశారా, తెలుగువాడికి పూజా ఉద్యోగమూ ఒకే మాట! కొలవడం అంటే పనిచేయడం, ఊడిగం చేయడం. మన భాషలో కూడా చూస్తూ కూర్చోవడం అనే అర్థం రాలేదు, గమనించండి.

ఇంకో అర్థం ఉంది. బియ్యం కొలుస్తాం. గుడ్డ కొలుస్తాం. కొలవడం అంటే కొలత వేయడం కూడా. ఈ రెండు అర్థాలూ కలిసే చోటు ఒకటి నేను కళ్ళారా చూశాను. మేడారంలో. తెలంగాణలో, ములుగు జిల్లా అడవిలో, రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. మీలో వెళ్ళినవాళ్ళు ఉన్నారా? అక్కడ విగ్రహం లేదు. గద్దెలున్నాయి, వెదురు కర్రలున్నాయి, పసుపు కుంకాలున్నాయి. చిలుకలగుట్ట మీంచి కోయ పూజారులు సమ్మక్కని కుంకుమ భరిణె రూపంలో తీసుకొస్తారు. అంతే. కళ్ళు, ముక్కు, కిరీటం ఏమీ లేవు.

అక్కడ జనం సమర్పించేది బెల్లం. కానీ బెల్లం అనరు, బంగారం అంటారు. త్రాసులో ఒకవైపు మనిషి కూర్చుంటాడు, ఇంకోవైపు బెల్లం పెడతారు. నిలువెత్తు బంగారం. నేను చూసినప్పుడు ఒక తండ్రి తన పిల్లాణ్ణి త్రాసులో కూర్చోబెట్టాడు. వాడు కదులుతుంటే ముల్లు నిలవడం లేదు. "కదలకురా, అమ్మకి లెక్క తప్పుతది" అన్నాడు. వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పిల్లాడి బరువంత బెల్లం, ఒక్క దిమ్మ ఎక్కువే, తక్కువ కాకుండా. కొలిచి ఇవ్వడమే కొలవడం అక్కడ. నాకు వ్యాకరణం పుస్తకంలో అర్థం కానిది ఆ త్రాసు దగ్గర అర్థమైంది. నీవల్ల బతికాను కాబట్టి నా అంత నీకిస్తున్నాను అని. ఉజ్జాయింపుగా కాదు, సరిగ్గా నా అంత.

మొక్కు అనే మాట కూడా ఇలాంటిదే. మొక్కు మొక్కుకుంటాం, తీర్చుకుంటాం, చెల్లించుకుంటాం. అప్పు లాగా. అది పూర్తయ్యేదాకా మనసు మనసులో ఉండదు. అక్కడా పూర్తి చేయడమే ఉంది. కానీ ఆ మాటకే ఏం గతి పట్టించామో చూడండి. "ఏదో మొక్కుబడిగా చేశాడు" అంటాం. మొక్కుబడి అంటే ప్రాణం పెట్టి చెల్లించాల్సింది. ఇవాళ మొక్కుబడి అంటే మనసు పెట్టకుండా చేసింది! ఒక మాట తలకిందులవడానికి ఎన్ని తరాల మనుషులు పూజలు దులిపేసుకుని ఉండాలి? ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక త్యాగరాజస్వామి దగ్గరికి వస్తాను. పూజలో పదహారు ఉపచారాలు అంటాం కదా. పిలవడం, కూర్చోబెట్టడం, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, తాగడానికి నీళ్ళు, స్నానం, బట్ట, గంధం, పువ్వు, అన్నం, తాంబూలం. ఇందులో దేవుడికి మాత్రమే చేసేది ఏముందండీ? ఎండనపడి వచ్చిన చుట్టానికి మనం చేసేవే ఇవన్నీ. మన పెద్దలు ఆరాధనకి ప్రత్యేకమైన భాష ఏదీ కనిపెట్టలేదు. ఇంటి మర్యాదనే తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టారు.

త్యాగయ్యగారు ఆ మర్యాదలకి పాటలు కట్టారు. నిద్ర లేపడానికి పాట. పాలు తాగమనడానికి తోడిలో "ఆరగింపవే". తాంబూలం ఇస్తూ ఖరహరప్రియలో "విడెము సేయవే, నన్ను విడనాడకువే". విడెం వేసుకో, నన్ను విడిచిపెట్టకు. ఆకులో సున్నం రాస్తూ, చిలక చుడుతూ అనే మాటలా లేదూ? భర్తకి ఆకు చుట్టి ఇచ్చే ఇల్లాలు అనుకునే మాట. ఇంత పెద్ద సంగీత విద్వాంసుడు, పొద్దున్నే తంబుర భుజాన వేసుకుని వీధుల్లో ఉంఛవృత్తికి వెళ్ళి, దొరికిన గింజలు తెచ్చి, వండి, రాముడికి పెట్టి, ఆకు చుట్టి ఇచ్చేవాడు. ఆ ఆకులోంచే ఖరహరప్రియ వచ్చింది.

ఇంకాసేపట్లో మనవాళ్ళు పంచరత్నాలు అందుకుంటారు. ఒకసారి ఆ అయిదింటినీ వరసగా తలుచుకోండి. నాటలో "జగదానందకారక", అది స్తోత్రం. నామాల మీద నామాలు, రాజు వస్తుంటే బిరుదులు చదివినట్టు. అంత గొప్పగా ఎత్తుకున్నాయన, రెండోదానికి వచ్చేసరికి ఏం చేశాడు? గౌళలో "దుడుకు గల". దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా? ఇన్ని తప్పులు చేసినవాణ్ణి ఏ దొర కొడుకు కాపాడతాడు అని. అక్కణ్ణించి చరణం తర్వాత చరణం తన తప్పుల పట్టీ చదివాడు. గడియ గడియకీ దుడుకే అన్నాడు. ఇందాక మనం అనుకున్న అపరాధం, అదే పాటంతా. ఆరాధనలో రెండో మెట్టు మీదే అపరాధం కూర్చుని ఉంది. పొగడడం అయ్యాక తప్పు ఒప్పుకోవడం. పొగడ్త దగ్గరే ఆగిపోతే? అది దర్బారులో భట్రాజు పని అవుతుంది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. ఆరభిలో "సాధించెనే ఓ మనసా". తాను పట్టిన పట్టు సాధించాడే అని. ఎవరు? దేవుడే! మనకి మంచి మాటలు బోధించి, తానే వాటిని బొంకు చేసి, తన పంతం నెగ్గించుకున్నాడని. "సమయానికి తగు మాటలాడెనే." సమయానికి తగ్గట్టు మాట మార్చేవాడట! ఎంత చనువుంటే అనగలడు ఈ మాట? ఇందాకటి ధాతువు గుర్తుందా, రాధ సాధ సంసిద్ధౌ? సాధించడం అంటే నెరవేర్చుకోవడం. మన ఇళ్ళల్లో సాధించడం అంటే? "మా అత్తగారు సాధించి చంపుతోంది" అంటాం. సాధింపు. ఆరాధనకి తోబుట్టువైన మాటని తెలుగువాడు దెప్పుళ్ళలోకి తీసుకొచ్చాడు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. సాధించేది మనవాళ్ళనే. పరాయివాళ్ళని ఎవరూ సాధించరు.

భద్రాచలంలో రామదాసుగారు కూడా ఇంతే కదా. గోదావరివాళ్ళకి నేను చెప్పాలా? సీతమ్మకి చింతాకు పతకం చేయించాను, ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు అని రాముణ్ణి నిలదీశాడు. తర్వాత, తిట్టినందుకు ఏమీ అనుకోకు, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను అని వేడుకున్నాడు. ఆరాధించేవాడు భయపడాలని, ఒదిగి ఉండాలని మనకి ఎవరు చెప్పారో తెలియదు. మన వాగ్గేయకారులు చెప్పలేదు.

నాలుగోది వరాళి, "కనకన రుచిరా". చూస్తున్నకొద్దీ అందం. దాని గురించి మాట్లాడను, మీరే వినండి. అయిదోది, శ్రీరాగం. "ఎందరో మహానుభావులు, అందరికి వందనములు." ఇక్కడ ఆయన నమస్కారం ఎవరికి? ఆయన కంటే ముందు ఆరాధించినవాళ్ళకి. ప్రతి చరణంలోనూ వాళ్ళే. నారదుడు, శుకుడు, ప్రహ్లాదుడు, పేరు తెలియనివాళ్ళు, అందరూ. అయిదు మెట్లు ఎక్కి చివరికి పక్కన నిలబడ్డవాళ్ళని చూశాడు. నాకంటే బాగా కొలిచినవాళ్ళున్నారు, వాళ్ళకి దండం అన్నాడు.

ఆ దండం పెట్టాల్సినవాళ్ళలో ఒకావిడ గురించి చెప్పి ముగిస్తాను. ఇందాకటి ప్రశ్న గుర్తుందా, ఆరాధన చేయడానికి ఏ సంబంధం కావాలి అని? ఆ ప్రశ్నకి ఈవిడే జవాబు.

బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో పుట్టింది. దేవదాసి కుటుంబం. తల్లి పుట్టలక్ష్మి కష్టపడి చదివించింది, సంగీతం చెప్పించింది. పెద్ద విదుషీమణి అయింది, మద్రాసులో స్థిరపడింది, కచేరీల మీద బాగా సంపాదించింది. 1910లో ఒక పని చేసింది. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అనే కావ్యాన్ని పరిష్కరించి వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో, ప్రకాశం పంతులుగారి హయాంలో గానీ పోలేదు. నూటయాభై ఏళ్ళ నాటి ఒక కవయిత్రి, తనకేమీ కానిది, ఆవిడ పద్యాల కోసం ఈవిడ ఇన్ని మాటలు పడింది. ఇది కూడా ఆరాధనే అని నేనంటాను.

1921లో ఆవిడ గురువు బిడారం కృష్ణప్పగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారు వెళ్ళాను, త్యాగరాజస్వామి సమాధి శిథిలమైపోయి ఉంది, ఏదైనా చెయ్యాలి అని. ఆలోచించండి. స్వామి పోయి అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు. దేశమంతా ఆయన పాటలు పాడుతోంది. ఆ పాటల మీద ఎందరో బతుకుతున్నారు, పేరు తెచ్చుకుంటున్నారు. ఏటా ఆరాధనా జరుగుతోంది. అదీ ఒకటి కాదు, రెండు! విద్వాంసులు రెండు వర్గాలుగా చీలి, పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని, ఎవరి ఆరాధన వాళ్ళు చేసుకుంటున్నారు. సమాధి మాత్రం పాడుబడి ఉంది.

నాగరత్నమ్మ బయల్దేరింది. స్థలం కోసం తిరిగింది. 1921లోనే శంకుస్థాపన చేయించింది. తన కచేరీల సంపాదన, తన నగలు, అన్నీ ఆ రాళ్ళలో పోసింది. కొన్నేళ్ళకి గుడి పూర్తయి ప్రతిష్ఠ జరిగింది. సంసిద్ధి! ధాతుపాఠంలో ఉన్న మాటకి ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

గుడి కట్టింది కదా. మరి ఆరాధన నాడు ఆవిణ్ణి పాడనిచ్చారా?

లేదు. ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ డబ్బుతో కట్టిన గుడి, ఆవిడ పాడకూడదు. మీలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఇవాళ ఈ వేదిక మీద పదిహేను మంది ఆడపిల్లలు పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నారు. అమ్మాయిలూ, ఈ ముక్క మీకోసమే చెబుతున్నాను.

ఆవిడ ఏం చేసింది? అలిగి మద్రాసు వెళ్ళిపోలేదు. నా గుడి, నా ఇష్టం అని తలుపులు మూసెయ్యలేదు. తనలాంటి ఆడవాళ్ళని కూడగట్టుకుని, గుడి వెనకవైపు మూడో ఆరాధన మొదలుపెట్టింది. ఆడవాళ్ళ కచ్చి. వాళ్ళు ముందు పాడుకున్నారు, వీళ్ళు వెనక పాడుకున్నారు. ఏటా వచ్చింది. ఏటా పాడింది. ఇలా పదేళ్ళకి పైగా. చివరికి 1940, 41 నాటికి మూడు వర్గాలూ ఒకటయ్యాయి. ఇవాళ టీవీలో మనం చూస్తున్న తిరువయ్యారు గోష్ఠిగానం, వందలమంది ఆడా మగా ఒకే శ్రుతిలో పంచరత్నాలు పాడటం, ఆ ఒప్పందం తర్వాత నిలబడిందే.

ఆవిడ మళ్ళీ మద్రాసులో ఉండలేదు. తిరువయ్యారులోనే ఉండిపోయింది. 1952 మే 19న అక్కడే పోయింది. స్వామి సన్నిధికి దగ్గర్లోనే ఆవిడ సమాధి. అక్కడ ఆవిడ విగ్రహం ఉంటుంది, స్వామి గుడి వైపు చూస్తూ, చేతులు జోడించుకుని. నేను పదిహేనేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు ఆ జోడించిన చేతుల్ని చాలాసేపు చూశాను. ఇందాక చేతులు జోడిస్తే పని పూర్తి కాదన్నాను కదా. ఆవిడ పని పూర్తి చేసి, అప్పుడు జోడించింది. అందరూ స్వామి దగ్గర పువ్వులు పెట్టి వెళ్ళిపోతున్నారు. నా దగ్గర ఒక మూర మల్లెపూలు ఉంటే తుంచి సగం ఆవిడకి పెట్టాను.

మన గోదావరి మాట ఒకటి చెప్పకపోతే మీరు ఊరుకోరు, నాకు తెలుసు. త్యాగరాజస్వామి వెళ్ళిపోయిన 1847లోనే మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. 1852కి పూర్తయింది. కట్టించిన కాటన్ దొర అంతకు పదేళ్ళ ముందు, స్వామి బతికుండగానే, ఆ కావేరి నీళ్ళ మీదే తంజావూరు సీమ కోసం పనిచేశాడు. ఇద్దరూ కలుసుకున్నారని నేననను. ఒకే నది నీళ్ళు తాగారు, అంతే. ఆ దొరని మనవాళ్ళు ఎలా కొలుస్తున్నారు? ఊరూరా విగ్రహం. అంతకంటే గొప్పది, గోదావరి స్నానం చేస్తూ చదివే శ్లోకం. "నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః, స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం." మన మతం కాదు, మన దేశం కాదు, పైగా మనల్ని ఏలినవాళ్ళ మనిషి. అయినా భగీరథుడన్నారు. సంబంధం ఏమిటి? నీళ్ళొచ్చాయి, చేను పండింది. మేడారం త్రాసులో బెల్లం లాంటి లెక్కే ఇది కూడా. అందినంత కొలిచి తిరిగి ఇవ్వడం.

కుర్రవాళ్ళు కొందరు వెనక నిలబడి ఉన్నారు. మీ హీరో సినిమా విడుదలైతే కటౌట్‌కి పాలు పోస్తారు, నాకు తెలుసు. నేను మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. అభిమానం అనే మాటలో "మా వాడు" అనే గర్వం ఉంది, అది సహజం. కానీ అదే హీరో పేరు మీద రక్తం ఇచ్చి వచ్చిన కుర్రాళ్ళని కూడా నేను చూశాను. మంచం మీద పడుకుని, చెయ్యి చాపి, సీసా నిండేదాకా కదలకుండా. నాకు వాళ్ళు ఆ త్రాసులో పిల్లాడిలా కనిపించారు.

మృదంగం ఆయన శ్రుతి చూసుకుంటున్నారు, ఇక నేను మైకు ఇచ్చేయాలి. ఒక్క కోరిక. శ్రీరాగం అయ్యాక, మంగళానికి ముందు, సీతాకల్యాణం కూడా పాడించండి. అందరం కలిసి పాడదాం. ముందు వరసలో ఆకుపచ్చ చీర కట్టుకున్న పెద్దమ్మగారు ఇందాక నేను ఆ పాట పేరెత్తగానే పెదవులు కదిపారు, నేను చూశాను. అమ్మా, మీరే ఎత్తుకోండి. మీకు ఎలా వస్తే అలా పాడండి. మీ వెనక మేం అందుకుంటాం.